గోడ తేలకముందే

"ఆ ఫోటో పంపిన మహానుభావుడు ఎవరండీ ఇక్కడ?"

కొత్త బస్ డిపో కడుతున్న చోట, గేటు దాటీ దాటకముందే పండు వేసిన కేక అది. పరంజా మీదున్న పనివాళ్ళు తాపీలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. సిమెంట్ బస్తాల మీద కూర్చుని టీ తాగుతున్న మేస్త్రి, గ్లాసు పక్కన పెట్టి, నోరు విప్పకుండా చూపుడువేలితో ఒకవైపు చూపించాడు. ఇన్నాళ్ళూ కలిసి పనిచేసిన మనిషిని ఎంత తేలిగ్గా పట్టించేశాడో చూడండి!

అటువైపు సైట్ ఇంజనీరు నిలబడి ఉన్నాడు. నెత్తిన పసుపు హెల్మెట్, చేతిలో టేపు. మొహంలో మాత్రం ఏమీ లేదు.

"నేనే. ఏం?"

"ఏం అనా? నా కొంప ముంచేసి, పైగా ఏం అంటారా?"

పండు అన్నది ఇంట్లో పిలిచే పేరు. ఊయల్లో ఉండగా పెట్టారు, పెద్దయ్యాక ఎలా తయారవుతుందో అప్పుడెవరికి తెలుసు! సైట్లలో మాత్రం ఆమెని దుమ్ము మేడమ్ అంటారు. కూల్చేసిన బిల్డింగుల కాంక్రీటు ముక్కలు, ఇటుకలు, పాత ప్లాస్టరు తెచ్చుకుని, క్రషర్‌లో వేసి నలగ్గొట్టి, జల్లెడ పట్టి, ఇసుకకి బదులుగా అమ్మడం ఆమె పని. వాళ్ళ నాన్నకి ఏటి ఇసుక లారీలున్నాయి. ఆ వ్యాపారంలోనే జుట్టు నెరిసిన మనిషి. "ఏరు మాత్రం ఎన్నాళ్ళిస్తుంది నాన్నా" అని కూతురు అన్నప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

ఇద్దరూ అరుచుకుని, అరుచుకుని, గొంతులు పోయాక ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకే ఒక్క గోడ. ఆమె ఇసుకతో దానికి ప్లాస్టరింగ్ జరగాలి. అది నిలిస్తే ఆ క్రషర్ మిషన్ ఆమెది. నిలవకపోతే మిషన్ అమ్మేస్తారు, ఆమె బుద్ధిగా లారీల ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాలి.

ఆ ఒక్క గోడ ఇదే. డ్రైవర్ల విశ్రాంతి గదికి బయటివైపు గోడ. పాత డిపోని కూల్చగా వచ్చిన ముక్కలే ఇసుకై, కొత్త డిపో గోడ మీదికి ఎక్కాయి. అందుకే పండుకి ఈ గోడంటే అంత ఇష్టం.

ఇప్పుడా గోడకి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పగుళ్ళు. ఈ మహానుభావుడు వాటిని శుభ్రంగా ఫోటో తీసి, ఇసుక తెచ్చిన లారీ మీద ఏ నంబరు రాసుంటే ఆ నంబరుకి పంపేశాడు. లారీ ఎవరిది? నాన్నది. నంబరు ఎవరిది? నాన్నదే. మీరే చెప్పండి, కోపం రాదా?

"నా నంబరు మీ దగ్గర లేదా? మొన్ననేగా ఫోన్లో మాట్లాడాం!" అంది పండు.

"లారీ మీద ఉన్నది కంపెనీ నంబరనుకున్నా. మెటీరియల్ బాగోకపోతే కంపెనీకి చెప్తాం. అందులో తప్పేముంది?"

"బాగోలేదని ఎవరన్నారు?"

"నేననడం ఎందుకు? గోడ అక్కడే ఉంది, వెళ్ళి చూడండి."

చూసింది. ఫోటోలో కన్నా ఎదురుగా ఇంకా దారుణంగా ఉంది. చిన్న చిన్న పగుళ్ళు ఒకదాన్నుంచి ఒకటి చీలి గోడంతా అల్లుకుపోయాయి. వేలితో రాస్తే పొడి రాలింది. ఏడుపు వస్తే ఏడుస్తారు ఎవరైనా. పండుకి ఏడుపు వచ్చే చోట కూడా కోపమే వస్తుంది, ఏం చేస్తాం!

"ముందు రోజు నీళ్ళు కొట్టారా?" అని అడిగింది గిర్రున తిరిగి.

"కొట్టాం."

"అబద్ధం!"

అప్పటిదాకా ఏమీ లేని ఆ మొహం ఎర్రబడింది. "ఏమన్నారు?"

"అబద్ధం అన్నా. నీళ్ళు కొడితే ఇలా పగలదు. ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ముందు రోజు సాయంత్రం బాగా నీళ్ళు కొట్టండి, మర్చిపోకండి అని."

"నేను కూడా చిలకలాగే విన్నాను. పైపు నేనే పట్టుకుని కొట్టాను. మేస్త్రీ, చెప్పండి!"

"కొట్టారండీ మేడమ్," అన్నాడు మేస్త్రి. "నా చొక్కా మీద కూడా కొట్టారు."

"మీ ఇంజనీరు కాబట్టి అలాగే చెప్తారు!"

ఇంజనీరు టేపుని సర్రున మూసేశాడు. "చూడండి, ఈ ఇసుక వాడదామని ఓనరు దగ్గర పట్టుబట్టింది నేను. కూల్చిన చెత్త తెచ్చి కొత్త గోడకి పూస్తావా అని మీటింగులో అందరూ పడీపడీ నవ్వారు. అయినా పంతం పట్టి తెప్పించాను. గోడ పగిలింది సరే, ఇప్పుడు మీరొచ్చి నన్ను అబద్ధాలకోరు అంటున్నారు. ఇంకేమైనా మిగిలుంటే అది కూడా అనేసి వెళ్ళండి."

పండు ఒక్క క్షణం తగ్గింది. తన ఇసుక కోసం ఎవరో ఎక్కడో పోట్లాడారన్న సంగతి ఆమెకి తెలియదు. మంచి మాటేదో నోటిదాకా వచ్చింది కూడా. కానీ అలవాటు లేని పని కదా, వేరే మాట బయటికొచ్చింది.

"నా ఇసుక నేను తీసుకుపోతా!"

"తీసుకుపోండి!"

"గోడ మీదున్నది కూడా!"

"గీక్కుని పోండి!"

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. తెర మీద ఆ ఫోటోనే ఉంది.

"ఇంకేమైనా చెప్పేది ఉందా?"

"వాళ్ళు నీళ్ళు కొట్టలేదు నాన్నా."

"నా ఇసుకకి ఎవరూ ఏమీ కొట్టక్కర్లేదు. తెస్తారు, కలుపుతారు, పూస్తారు. నిలబడుతుంది." ఆయన గొంతు పెద్దది కాలేదు, అదే ఆమెకి ఎక్కువ మండింది. "మిషన్ కొనేవాడు ఉన్నాడు. కబురు పెడుతున్నాను. మాటంటే మాటే పండూ."

మాటిచ్చింది తనే. కాదని ఏ మొహం పెట్టుకుని అంటుంది? లేచి వెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తన క్రషర్ యార్డులో పండు పైపు పట్టుకుని ఇసుక కుప్ప మీద నీళ్ళు కొడుతోంది. మిషన్ అమ్మకానికి పోతోంది, ఇసుక ఎవరికీ అక్కర్లేదు, మరి నీళ్ళెందుకంటే, ఏదో ఒకదాన్ని కొట్టాలి కాబట్టి.

గేటు దగ్గర బండి ఆగింది. ఇంజనీరు దిగి తిన్నగా ఆమె దగ్గరికి వచ్చాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"నిన్న మీరన్న ఆ మాట వెనక్కి తీసుకోండి. తీసుకునేదాకా ఇక్కణ్ణించి కదలను."

"ఏ మాట? బోలెడన్నాను."

"అబద్ధం అన్నారు కదా. అది."

"తీసుకోను. ఎండలో నిలబడండి, నాకేం?"

నిలబడ్డాడు. మొండిఘటం. ఆమె కుప్పకి అటువైపు వెళ్తే అటు తిరిగాడు, ఇటు వస్తే ఇటు తిరిగాడు. కాసేపటికి అతనికే విసుగొచ్చినట్టుంది.

"ఇంతకీ ఏం చేస్తున్నారు మీరు?"

"కళ్ళు కనపడట్లేదా? నీళ్ళు కొడుతున్నా."

"దేనికి?"

"దీనికి! ఇసుకకి! ఫోన్లో అంతసేపు చెప్పిందేంటి మరి?"

ఇంజనీరు హెల్మెట్ తీసి, చేత్తో పట్టుకుని, నెమ్మదిగా అడిగాడు. "ఇసుకకా?"

"కాకపోతే మీ తాతగారికా?"

"నేను గోడకి కొట్టించాను."

పైపులోంచి నీళ్ళు పండు చెప్పుల మీద పడి కారిపోతున్నాయి. ఆమె చూసుకోలేదు.

"గోడకెవరు కొట్టమన్నారు?"

"మీరే! ముందు రోజు నీళ్ళు కొట్టండి అన్నారు. సైట్లో నీళ్ళు కొట్టడం అంటే గోడకే కొడతారండీ. ఏ సైట్లోనైనా సరే, ఏ మేస్త్రినైనా అడగండి. ప్లాస్టరింగ్ ముందు ఇటుక గోడ తడపడం మాకు కొత్తా? ఈవిడెవరు ఇది కూడా నేర్పుతోంది అని ఒళ్ళు మండింది కూడా. అయినా రెండింతలు కొట్టించాను."

"యార్డులో నీళ్ళు కొట్టడం అంటే కుప్పకే కొడతారు! ఇది ఏటి ఇసుక కాదు, పాత ఇటుక పొడి, పాత సిమెంటు పొడి. దాహం మీద ఉంటుంది. ముందుగా దాని కడుపు నింపకపోతే సిమెంటుకి పోసిన నీళ్ళన్నీ అదే తాగేస్తుంది. గోడ పగలక ఏం చేస్తుంది?"

"అలాంటప్పుడు నానబెట్టండి అనాలి!"

"నానబెట్టడానికి అవేమన్నా శనగలా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పగిలింది ఇసుక వల్ల కాదు, అతని నిర్లక్ష్యం వల్లా కాదు. రెండే రెండు మాటలు. అవి ఆమెకి ఒకటి, అతనికి ఇంకొకటి. ఇంకెవరైనా అయితే ఈ పాటికి నవ్వేసేవాళ్ళు. పండుకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంత చిన్నదానికా నా మిషన్ అమ్మేస్తున్నాడు మా నాన్న! మీరు ఫోటో పంపింది ఆయనకే!" అని అరిచింది.

"సరే," అంది పళ్ళు బిగించి. "మీరు అబద్ధం చెప్పలేదు."

"థాంక్స్."

"కానీ బుర్ర వాడలేదు."

"మీరు మాట సరిగ్గా చెప్పలేదు."

"నేను సరిగ్గానే చెప్పాను!"

అతను ఫోన్ తీశాడు. ఎవరికని ఆమె అడిగేలోపే అవతల నాన్న గొంతు వినపడింది.

"నమస్కారమండీ. డిపో సైట్ ఇంజనీర్ని. ఆ గోడ పగిలింది ఇసుక వల్ల కాదండీ. తప్పు మా కలపడంలో ఉంది. ఆ ప్లాస్టరంతా చెక్కించేసి మళ్ళీ వేయిస్తాను. మీరే వచ్చి మీ చేత్తో కొట్టి చూసుకోండి. అప్పటిదాకా మిషన్ అమ్మకండి."

"నా మిషన్ అమ్మాలో వద్దో చెప్పడానికి నువ్వెవడివయ్యా?" అన్నాడు నాన్న. యార్డంతా వినపడింది.

"ఎవణ్ణీ కాదండీ. ఈసారి పగిలితే ఇంక ఈ ఇసుక పేరెత్తను."

పండు ఫోన్ లాక్కుంది. "నా ఇసుక పేరు ఎత్తకపోవడానికి మీరెవరు?"

"పండూ? నువ్వా అక్కడ?" అన్నాడు నాన్న.

ఇంజనీరు కనుబొమలు పైకి లేచాయి. "పండు?" అన్నాడు, పెదాలతో మాత్రమే.

"నవ్వారంటే చంపేస్తా," అంది ఆమె, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి.

నాన్న చాలాసేపు సణిగాడు. అడిగింది కూతురైతే ససేమిరా అనేవాడు. పరాయివాడు తప్పు నాదే అంటుంటే కాదనలేకపోయాడు. ఇదే ఆఖరు అని ఫోన్ పెట్టేశాడు.

పాత ప్లాస్టరంతా చెక్కేశారు. రాలిన పెచ్చులన్నీ బస్తాలకెత్తి పండు మళ్ళీ క్రషర్‌లోనే వేసింది. కొత్త ఇసుకని ఈసారి ముందు రోజే సైట్‌కి దింపి, దగ్గరుండి నీళ్ళు కొట్టించింది. "దేనికి కొడుతున్నాం?" అని మేస్త్రిని మూడుసార్లు అడిగింది. మూడోసారికి మేస్త్రికి కూడా కోపం వచ్చింది.

సిమెంటులో ఇసుక వేసి మాలు కలిపే ముందు ఇంజనీరు గుప్పెడు ఇసుక తీసి పిడికిట్లో నొక్కాడు.

"చాలు. తడి సరిపోయింది."

"ఏదీ, విప్పండి." పండు అతని వేళ్ళు తనే విప్పింది. ఉండ కట్టింది బాగానే, కానీ అరచెయ్యి మెరుస్తోంది. "చెయ్యి తడిసింది. ఎక్కువైంది. ఇలా కలిపితే గోడ మీద జారిపోతుంది. కాసేపు ఆరనివ్వాలి."

"ఆరింది."

"ఆరలేదు."

"నా చెయ్యి వదిలితే చూసి చెప్తా."

చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉందని పండుకి అప్పుడు తెలిసింది. చటుక్కున వదిలేసింది. చెవులు వేడెక్కాయి. దానికీ అతని మీదే కోపం వచ్చింది.

మధ్యాహ్నానికి గోడ నిండింది. పొడవాటి చెక్క బద్ద పెట్టి లాగారు, నున్నగా తేరింది, ఒక్క గీత లేదు. ఇద్దరూ దూరంగా నిలబడి ఆ గోడని చూస్తున్నారు. ఆమె నుదుటి మీద సిమెంటు మరక ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు.

అప్పుడు పడింది వాన.

వేరే కథల్లో అయితే ఇక్కడ వాన పడితే ఎంత బాగుంటుంది! అమ్మాయి చేతులు చాస్తుంది, అబ్బాయి చూస్తాడు. పచ్చి ప్లాస్టరింగ్ మీద వాన పడితే మాత్రం గోడ గోడంతా చారలు కట్టి కారిపోతుంది. "టార్పాలిన్! టార్పాలిన్!" అని మేస్త్రి పరుగెత్తాడు. పైన రెండు చోట్ల కట్టారు కానీ, కింద గాలికి ఎగిరిపోతోంది. ఆ కొస పండు పట్టుకుంది, ఈ కొస ఇంజనీరు పట్టుకున్నాడు. టార్పాలిన్ గోడకి తగలకుండా ఎడంగా లాగి పట్టుకోవాలి. ఇద్దరి నెత్తినా నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంకొంచెం లాగండి!" అని అరిచింది పండు.

"లాగుతూనే ఉన్నా!"

"వాన వస్తుందని చూసుకోవద్దా? ఏం ఇంజనీరండీ మీరు?"

"పొద్దున ఎండ కాసింది! వానని కూడా నేనే తెచ్చానా?"

"నీ మొహం చూస్తే తెచ్చేలాగే ఉన్నావు!"

"ఇప్పుడు నన్ను 'నువ్వు' అన్నారు."

"అన్నాను! అయితే?"

"అలాగే అను. బాగుంది." అతను కళ్ళల్లో పడ్డ వాన నీళ్ళు భుజానికి తుడుచుకున్నాడు. "నీ కోపం తగ్గాక ఒక మాట చెప్దామనుకున్నా. అది తగ్గేలా లేదు. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నా. నువ్వంటే నాకిష్టం."

పండు చేతిలో టార్పాలిన్ జారింది. మళ్ళీ గట్టిగా పట్టుకుంది. "ఇది చెప్పే టైమా? గోడ తడిసిపోతుంటే?"

"వేరే టైములో అయితే నువ్వు నిలబడి వినవు. ఇప్పుడు వదిలేసి పోలేవు."

"తెలివి!" అంది ఆమె, టార్పాలిన్ కొసని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని. "ముందు గోడ తేలనీ. అప్పటిదాకా నాకేం చెప్పకు. అది పోతే నా మిషన్ పోతుంది. అన్నీ పోయి నీ చెయ్యి పట్టుకుంటే, పాపం అని పట్టుకున్నావనే అనిపిస్తుంది నాకు. అలా బతకలేను. నిలిస్తే అప్పుడు చెప్తా."

అతనికి నిజంగా కోపం వచ్చింది. మొదటిరోజు అబద్ధం అన్నప్పుడు కూడా ఇంత రాలేదు. "గోడ నిలిస్తే సరే, పగిలితే కాదు. అంతేనా? అది గోడకి చెప్పే జవాబు, నాకు కాదు. నాకొద్దు అలాంటి సరే. పగిలినా నువ్వు ఇలాగే అరుస్తావు, నాకు ఇలాగే నచ్చుతావు. పాపం అట, పాపం! నిన్ను చూసి జాలిపడే మగాడు ఇంకా పుట్టలేదు!"

పండు తిరిగి అరవబోయింది.

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. నాన్న దిగాడు. వానలో, టార్పాలిన్ చెరో కొస పట్టుకుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్న ఇద్దర్నీ చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, విసవిసా నడిచొచ్చి మధ్యలో ఎగురుతున్న అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నీ ఇసుక మీద నాకు నమ్మకం వచ్చి కాదు," అన్నాడు కూతురితో, గట్టిగా. "పచ్చి గోడ తడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు!"

వాన వెలిసేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు.

ఆ తర్వాత గోడని రోజూ తడుపుతూ, ఎండ తగలకుండా గోనెలు కప్పి ఉంచారు. పండు రోజూ వచ్చి చూసేది. ఇంజనీరు పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. ఒక్కసారైనా అడుగుతాడేమో అని చూసింది. అడగలేదు. అడిగితే కసురుకునేదే, అడగనందుకు ఇంకా ఎక్కువ మండింది. లారీల ఆఫీసులో ఖాళీ కుర్చీ ఆమెకి కలలోకి వచ్చేది. చిత్రం ఏమిటంటే, ఆ కలలో ఆఫీసు బయట అతను బండి మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉండేవాడు, అదే ఏమీ లేని మొహంతో.

గోనెలు తీసిన రోజున నాన్న వచ్చాడు. జేబులోంచి లారీ తాళంచెవి తీసి గోడని కొట్టడం మొదలుపెట్టాడు. లోపల పట్టు లేని చోట బోలు శబ్దం వస్తుంది. పట్టు ఉంటే గట్టిగా ఖంగుమంటుంది. ఆయన చెవి గోడకి ఆనించి, జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ పోతున్నాడు. ఎక్కడైనా బోలు దొరకాలని పంతం పట్టినట్టే ఉంది. కింద అయిపోయింది. నిచ్చెన వేయించుకుని పైకెక్కాడు.

పండు, ఇంజనీరు కింద నిలబడ్డారు. టక్. టక్. టక్. ఒక్కో దెబ్బకీ ఆమె కళ్ళు జానెడు పక్కకి జరుగుతున్నాయి. ఇంకా సగం గోడ మిగిలి ఉంది. ఎక్కడైనా దొరకొచ్చు. ఇంకో క్షణంలో అన్నీ పోవచ్చు.

ఆమె గబుక్కున అతని వైపు తిరిగింది. "సరే!"

"ఏంటి?"

"సరే అంటున్నా! చెవుడా?"

అతను గోడ వైపు, నాన్న వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "గోడ ఇంకా తేలలేదు కదా."

"ఆ సంగతి నాకు తెలీదా? అందుకే ఇప్పుడు చెప్తున్నా! తేలాక చెప్తే నువ్వు నమ్మవు కదా! ఇది గోడకి కాదు, నీకే. నిలవనీ, పడిపోనీ. నువ్వంటే నాకూ ఇష్టమే, చాలా రోజుల్నించీ ఇష్టమే, దానికీ నాకు కోపమే!" అంటూనే ఆమె కళ్ళు నిండిపోయాయి.

ఏమీ లేని ఆ మొహం మొత్తం వెలిగిపోయింది.

"ఇద్దరూ నోరు మూసుకుంటారా!" అని పైనుంచి గర్జించాడు నాన్న. "ఒక్క శబ్దం వినపడి చావట్లేదు ఇక్కడ!"

మూసుకున్నారు. టక్. టక్. చివరి మూల దాకా వెళ్ళాడు. అక్కడ కొట్టిన చోటే మళ్ళీ మళ్ళీ కొట్టాడు. తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, నిచ్చెన మీదే ఉండి, గోడని చూస్తూ అన్నాడు.

"ఒక్క చోటైనా బోలు లేదు." గొంతులో ఓడిపోయిన కోపం. "మిషన్ ఉంచుకో."

పండు కొంగుతో... లేదు, ఆ రోజు వేసుకున్నది చొక్కా, దాని చేతితోనే ముక్కు తుడుచుకుంది.

"సరేగానీ," అన్నాడు నాన్న, మెడ తిప్పకుండా. "ఇందాక దేనికే సరే అన్నావు?"

పండు కన్నా ముందు ఇంజనీరే ఒక అడుగు ముందుకేశాడు. "నన్ను పెళ్ళి చేసుకోవడానికండీ."

"పెళ్ళా? నువ్వు పెళ్ళి అని ఎప్పుడన్నావు?" అని విరుచుకుపడింది పండు.

"అనలేదా?"

"అనలేదు!"

"ఇప్పుడన్నానుగా. దానికీ సరేనా?"

"సరే! అరవకు!"

నాన్న పైనుంచి వంగి అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "దానికి కోపం ఎక్కువయ్యా."

"తెలుసండీ."

"నాకు ఇంకా ఎక్కువ."

"అదీ తెలుసండీ."

ఆయనది ఒక కాలు కింది మెట్టు కోసం వెతుక్కుంటూ గాల్లో ఊగింది.

"మరి అలా చూస్తావేం? వచ్చి నిచ్చెన పట్టుకో. దిగాలి."

ఇంజనీరు పరుగున వెళ్ళి ఒకపక్క పట్టుకున్నాడు. రెండో పక్క పండు పట్టుకుంది.